సుత్తి తల గబ్బిలం

మా రూమ్మేట్ ఒక రీల్ చూపించాడు. "మగ గబ్బిలాల్లో 6 శాతానికే 79 శాతం ఛాన్సులంట. మిగతా 94 శాతం మనమేరా" అన్నాడు. ఆ వారమే క్లాస్‌లో ఒకమ్మాయి నాకు నో చెప్పింది. నవ్వు రాలేదు. లెక్క తప్పని తేల్చాలని వెతికా.

తప్పు కాదు. ఆఫ్రికాలోని గాబన్‌లో జాక్ బ్రాడ్‌బరీ అనే శాస్త్రవేత్త గమనించి 1977లో ప్రచురించింది. కాకపోతే గబ్బిలాలన్నిటి లెక్కా కాదు, సుత్తి తల గబ్బిలం అనే ఒక్క జాతిది. మగది ఆడదానికి దాదాపు రెట్టింపు బరువు. దాని స్వరపేటిక ఒంట్లో సగానికి పైగా ఆక్రమించి గుండెనీ ఊపిరితిత్తుల్నీ పక్కకి నెట్టేస్తుంది. ఇదంతా అరవడానికే! చీకటి పడ్డాక ఏటి ఒడ్డున చెట్లకి వరసగా వేలాడి, రెక్కలు ఆడిస్తూ హారన్ కొట్టినట్టు అరుస్తాయి. (సాయంత్రం మా క్యాంటీన్ గోడ మీద జరిగేదీ ఇదే, రెక్కలు తప్ప.)

ఇక్కడిదాకా చదివి నా మీద నాకే జాలేసింది. తర్వాత ఆడ గబ్బిలం సంగతి వచ్చింది. అది ఆ వరస వెంట ఎగురుతూ ఒక మగదాని ముందు గాల్లోనే ఆగుతుంది. ఇంకోదాని దగ్గరికి పోతుంది, మళ్ళీ వెనక్కొస్తుంది. చివరికి ఒకదాన్ని ఎంచుకుంటుంది. తర్వాత పిల్లని మోయడం, పాలివ్వడం అన్నీ దాని పనే, మగది ఏ సాయమూ చేయదు. మరి అంత చూసుకోకుండా ఎలా ఉంటుంది? రీల్‌లో ఈ ముక్కే లేదు. ఆ 79 శాతాన్ని ఎవరో దోచుకుపోయినట్టు చెప్పాడు.

అమెరికా ఖండంలో సంచి రెక్కల గబ్బిలం ఇంకో రకం. మగది తన మూత్రం, ఒంటి స్రావాలు రెక్కలోని సంచిలో కలిపి సెంటు చేసుకుని, ఆడవాటి ముందు ఎగురుతూ విసురుతుంది. ఇంతా చేసి అంతఃపురం నిలబెట్టుకున్నా, అక్కడ పుట్టే పిల్లల్లో చాలావాటికి తండ్రి వేరే అని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. పాపం.

ఆ రాత్రి చాట్ పైకి స్క్రోల్ చేశా. మూడు నెలలు. నా లీట్‌కోడ్ ర్యాంకు, నా హ్యాకథాన్, నా గిటార్. మధ్యలో ఒకచోట తను "తాతయ్య ఐసీయూలో ఉన్నారు" అని పెట్టింది. నేను ఒక ఎమోజీ కొట్టి, దాని కిందే గిటార్ వీడియో పంపా.

రూమ్మేట్‌కి చూపించా. "సుత్తి కొట్టావురా" అన్నాడు.

మొన్న ల్యాబ్‌లో తనది నా పక్క సిస్టమే. తాతయ్య ఎలా ఉన్నారని అడిగా.

"పోయారు. దసరా సెలవుల్లో" అంది.