జైలు గుమ్మంలో కిరణాలు - భయమెంత? జాగ్రత్త ఎంత?

ఎక్స్‌రే అనే మాట వినగానే మనవాళ్ళలో రెండు రకాల మనుషులు బయటపడతారు. దగ్గు వచ్చినా, నడుం పట్టినా "ఓ ఫోటో తీయించెయ్యండి డాక్టరు గారూ" అనేవారు ఒకరు. ఆ గది గుమ్మం తొక్కితేనే ఒంట్లోకి విషం ఎక్కుతుందని బెదిరిపోయేవారు మరొకరు. ఇద్దరికీ లేనిది ఒక్కటే - లెక్క. కిరణాల విషయంలో లెక్క తెలిస్తే అనవసరపు భయమూ పోతుంది, అనవసరపు ధీమా కూడా పోతుంది.

ఆ లెక్కను ఈసారి జైలు గుమ్మం దగ్గర నిలబడి చెప్పుకుందాం. జైలు సంగతి మనకెందుకు అనుకోకండి. రాజమండ్రిలో వైద్యం చేసేవాడికి సెంట్రల్ జైలు పరాయి విషయం కాదు. ములాఖత్‌కి ఊళ్ళనుంచి వచ్చే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు పనిలో పనిగా పట్నంలో డాక్టరుకు చూపించుకుని మరీ బస్సెక్కుతారు.

ఆ మధ్య కోనసీమ నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలికి ఐదో నెల. పెరగవలసినంత బరువు పెరగలేదు. తిండి తినడం లేదా అని అడిగితే అత్తగారే జవాబు చెప్పింది.

"తిండెక్కడ సయిస్తాదండీ? మావోడు జైల్లో ఉన్నాడండి. ఈ పిల్ల మొగుణ్ణి చూసి రెణ్ణెల్లయిందండి."

"మీరు వెళ్తున్నారుగా? ఈ అమ్మాయినీ తీసుకెళ్ళకపోయారా?"

"గుమ్మంలోనే కిరణాల మిషనుందండి. అది దాటితే కడుపులో బిడ్డకి అవకరం వచ్చేస్తాదని పక్కింటావిడ చెప్పిందండి."

ఆ మిషను ఎలా ఉంటుందమ్మా అని అడిగాను. తలుపుల్లేని గుమ్మంలా ఉంటుందట. నడుముకు తాళంచెవుల గుత్తి ఉంటే కుయ్యిమంటుందట. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "అమ్మాయ్, అందులో ఎక్స్‌రే కిరణాలే లేవు. అది ఇనుమూ ఇత్తడీ పసిగట్టే అయస్కాంతపు గుమ్మం. నిర్భయంగా దాటి వెళ్ళి ఆయన్ని చూసి రా" అన్నాను. మర్నాడే వెళ్ళి చూసి వచ్చిందని తరవాత తెలిసింది. మందులచీటీలో నేను రాసిన బలం బిళ్ళలకన్నా ఆ ములాఖతే ఆ పిల్లకు ఎక్కువ బలమిచ్చి ఉంటుంది.

అన్నీ ఒక్కటి కావు

సోదా మిషన్లు నాలుగు రకాలు. మొదటిది ఇప్పుడు చెప్పిన మెటల్ డిటెక్టరు. గుమ్మంలా నిలబెట్టినదైనా, చేత్తో పట్టుకుని ఒంటి మీద తిప్పేదైనా అందులో ఎక్స్‌రే ఉండదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. గుమ్మంలో ఆగకుండా నడిచిపోవాలి. చేతి మిషను గుండె దగ్గర నిలిపి ఉంచనివ్వకూడదు.

రెండోది సంచుల మిషను. ఇందులో ఎక్స్‌రే ఉంది, కాని అది సీసపు పూత ఉన్న పెట్టెలో బందీ. అందులోంచి వచ్చిన అరిటిపండు, పూతరేకు హాయిగా తినవచ్చు, వాటిలో కిరణాలు నిలవ ఉండవు. రబ్బరు తెర లోపలికి చెయ్యి పెట్టడం, ఆ పట్టా మీద పిల్లల్ని కూర్చోబెట్టడం మాత్రం చెయ్యకండి.

మూడోది విమానాశ్రయాల్లో చేతులెత్తి నిలబడమనే మిషను. ఇది రేడియో తరంగాల జాతిది. బట్టల కింద దాచినది చూస్తుంది కాని ఒంట్లోకి చూడలేదు.

నాలుగోదే అసలైన ఎక్స్‌రే బాడీ స్కానరు. మనిషి మింగిన పొట్లాన్నీ, ఒంట్లో దాచిన సెల్‌ఫోన్‌నీ కూడా చూపిస్తుంది. ఇంగ్లండులో 2020 నుంచి చాలా జైళ్ళలో వీటిని పెట్టారు. మన దేశంలోనూ జైళ్ళకు కొత్త భద్రతా పరికరాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో 950 కోట్ల రూపాయల పథకం పెట్టింది. కాబట్టి ఈ మిషను సంగతి ముందే తెలుసుకుని ఉండడం మంచిది. మనం లెక్క అడగవలసింది దీన్నే.

ఎంత తగిలితే ఎంత?

కిరణాల కొలతకు సీవర్టు అని పేరు. స్వీడన్ శాస్త్రవేత్త పేరు మీద పెట్టారు. అది మనకు మరీ పెద్ద కొలత. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్టు, దానిలో వెయ్యో వంతు మైక్రోసీవర్టు. మనం పుట్టిన దగ్గరనుంచీ నేల, గాలి, ఆకాశం, తిండి - అన్నిటినుంచీ కొద్దికొద్దిగా కిరణాలు తగులుతూనే ఉంటాయి. ప్రపంచపు సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. అంటే రోజుకు ఆరున్నర మైక్రోసీవర్టులు.

గుండె ఎక్స్‌రే ఒకటి తీస్తే ఇరవై నుంచి వంద మైక్రోసీవర్టుల దాకా తగులుతుంది. ఛాతీ సి.టి. స్కాన్ అయితే ఏడు మిల్లీసీవర్టుల వరకూ - ఇంచుమించు మూడేళ్ళ ప్రకృతి కిరణాలు ఒక్కసారిగా అన్నమాట. మరి బాడీ స్కానరు? అమెరికాలో 2009 నాటి ప్రమాణం ప్రకారం అందరికీ వాడే మిషను ఒకసారికి పావు మైక్రోసీవర్టు మించకూడదు. అంటే భూమి మీద ఒక గంట బతికితే తగిలేటంత. ప్రత్యేక అవసరాలకు వాడే శక్తిగల మిషను పది మైక్రోసీవర్టుల వరకూ పోవచ్చు. ఏ రకమైనా సరే, ఒకచోట ఒక మనిషికి ఏడాదిలో 250 మైక్రోసీవర్టులు దాటకూడదు.

ఒక్కసారికి చూస్తే చీమంత. కాని చీమలు బారులు కడితేనో? ఒకసారికి ఐదు మైక్రోసీవర్టులిచ్చే మిషను అనుకోండి. ఏడాదికి 50 సార్లతో కోటా సరి. వారానికి ఒకసారికి మించి కుదరదు. మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఇంకా విచారణలో ఉన్నవాళ్ళు. వాయిదాకు పోయివచ్చిన ప్రతిసారీ నిలబెడితే ఆ లెక్క ఎంత త్వరగా నిండుతుందో ఆలోచించండి.

హద్దు ఎందుకు?

మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. ఎక్స్‌రే మిషను నడపాలంటే దాని అనుమతి ఉండాలి. కిరణాలతో పనిచేసే ఉద్యోగికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు హద్దు. మామూలు జనానికి ఒక్క మిల్లీసీవర్టు. ఈ హద్దు దాటిన మర్నాడే జబ్బు వస్తుందని కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు కదా! అప్పటికి మన వీధిలోకి నీళ్ళు రావు. రాకముందే మేలుకోవడానికే ఆ గుర్తు. ఇదీ అంతే.

మేలుకోకపోతే ఏమవుతుందో తొలిరోజులవాళ్ళు చూపించారు. రాంట్‌జన్ 1895లో ఎక్స్‌రేను కనిపెట్టాడు. ఆ కిరణాల ముందు చేతులుపెట్టి ప్రయోగాలు చేసిన ఎడిసన్ సహాయకుడు డాలీ చేతులు పుండ్లుపడి, అవి క్యాన్సరై, 1904లో చనిపోయాడు. ఈనాటి హద్దులూ నియమాలూ అటువంటి అనుభవాలనుంచి నేర్చుకున్న పాఠాలే.

వద్దనలేని మనిషి

ఇప్పుడు నా మనసులో మాట చెబుతాను. ఆస్పత్రిలో నేను ఎక్స్‌రే రాస్తే మీరు "ఎందుకండీ?" అని అడగవచ్చు, వద్దనవచ్చు. తీయించుకుంటే లాభం మీదే. జైళ్ళలో క్షయ కోసం తీసే ఎక్స్‌రే కూడా ఆ కోవలోదే. కిక్కిరిసిన గదుల్లో ఆ జబ్బు త్వరగా పాకుతుంది. 2024 డిసెంబరులో మొదలైన వందరోజుల క్షయ నివారణ కార్యక్రమంలో చేతి ఎక్స్‌రే మిషన్లు కూడా వాడారు. ఖైదీలుగాని, వారి ఇంటివారుగాని ఆ పరీక్షకు భయపడి వెనకాడకూడదు.

సోదా ఎక్స్‌రే సంగతి వేరు. కిరణం తగిలేది ఒకరికి, ప్రయోజనం మరొకరికి. పైగా ఆ మనిషి వద్దనలేడు. అందుకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2014లో అచ్చువేసిన భద్రతా ప్రమాణాల్లో ఇది గట్టిగా చెప్పారు: దొంగసొత్తు పట్టుకోవడానికి మనుషులకు ఎక్స్‌రే తీయడం తగదు. దొంగరవాణా పట్టుకోవడానికి కూడా మామూలుగా తగదు. అసాధారణ పరిస్థితిలో ప్రభుత్వం అవసరం నిరూపించి, హద్దులు పెట్టి చేయాలి. కిరణాలు లేని సోదా పద్ధతి అందుబాటులో ఉంటే దాన్ని కోరవచ్చునని ఆ మనిషికి ముందే చెప్పాలి.

నేరానికి శిక్ష కోర్టు వేస్తుంది. ఆ శిక్షలో లేని కిరణాన్ని ఒక్కదాన్ని కూడా అదనంగా వేసే హక్కు ఎవరికీ లేదు. అలాగని గంజాయి పొట్లం మింగి వచ్చినవాణ్ణి వదిలెయ్యమనీ కాదు. ఆ పొట్లం కడుపులో పగిలితే వాడికే ముప్పు. అనుమానానికి తగిన ఆధారం ఉన్నప్పుడు తీయండి, ఊరికే తీయకండి అంటున్నాను.

గుర్తుంచుకోండి

జైలు అధికారులు ఇటువంటి మిషను పెడితే శిక్షణ పొందినవారే నడపాలి. ఎవరికి ఎన్నిసార్లు తీశారో పుస్తకంలో రాయాలి. ఖైదీ మరో జైలుకు మారితే ఆ లెక్క కూడా వెంట వెళ్ళాలి. వరసలో ఉన్న మిగతావాళ్ళు దూరంగా నిలబడాలి. దూరం రెట్టింపైతే కిరణాల తాకిడి నాలుగో వంతుకు పడిపోతుంది. గర్భిణులకూ పిల్లలకూ వేరే సోదా పద్ధతి ఉండాలి. ఇదంతా తెలుగులో బోర్డు మీద రాసి పెట్టాలి.

మీరు చూడటానికి వెళ్ళేవారైతే "ఇది ఎక్స్‌రే మిషనా, మెటల్ డిటెక్టరా?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. పసుపుపచ్చ మీద మూడు రెక్కల పంకాలాంటి గుర్తు కనిపిస్తే అక్కడ కిరణాలున్నాయని అర్థం. గర్భిణి అయితే ఆ మాట సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. ఆస్పత్రి ఎక్స్‌రే గదిలోనైనా ఇదే నియమం. పొరపాటున ఒకసారి స్కానరులో నిలబడినా కంగారుపడి కడుపు తీయించుకునే ఆలోచన చేయకండి. ఆ కొద్ది కిరణాలకు బిడ్డకు అవకరం రాదు. మీ డాక్టరుకు సంగతి చెప్పి ధైర్యంగా ఉండండి.

కిరణం కంటికి కనబడదు, వాసన రాదు, నొప్పి పుట్టదు. కాబట్టి దాన్ని కనిపెట్టి ఉండవలసింది పుస్తకంలో రాసిన లెక్క ఒక్కటే. ఆ పుస్తకం సరిగా రాస్తున్నారా అని అడగడానికి లోపలున్నవాడికి నోరు లేకపోవచ్చు. బయట ఉన్న మనకు ఉంది.