టెంక దగ్గర ఆగాలి

మే నెల. సింగరాయకొండలో రైలు దిగి, ఊరు దాటి ఉలవపాడు వైపు హైవే మీదికి వచ్చేసరికి తొమ్మిది కాలేదు, అప్పటికే నేల కాలుతోంది. రోడ్డు పక్కన తాటాకు పందిళ్లు. గంపల్లో బంగినపల్లి, పక్కన చిన్నరసాలు. ప్రతి పందిరి నీడలోనూ ఓ కుక్క.

నేను వచ్చింది ఆ కుక్కల కోసమే. పోయిన వేసవిలో మా ఇంటి కుక్క రాజు రసం మామిడి టెంక మింగింది. చీకి పెరట్లో పడేసింది నేనే. రెండు రోజులు వాంతులు చేసుకుంటే ఎండదెబ్బ అనుకున్నాం. మూడో రోజు పొట్ట కోసి తీయాల్సి వచ్చింది. బతికింది. అప్పట్నుంచి మా ఇంట్లో మామిడిపండు కుక్కలకి విషం అనే మాట పాతుకుపోయింది. అది సరైన మాట కాదని నాకు అనిపిస్తూనే ఉంది.

ఓ పందిరి కింద ముసలమ్మ వరిగడ్డి తీసి పళ్లు సర్దుతోంది.

"పెద్దమ్మా, ఈ కుక్క పండు తింటుందా?"

"తినకేంది అబ్బయ్యా! మెత్తబడ్డ పండు కోసి ముక్క యేస్తే చాలు, తోకాడిచ్చుకుంటా వస్తది."

"టెంకో?"

"టెంక యెయ్యను. అది నాకుతా నాకుతా గుటుక్కున మింగిద్ది."

ఆమె కాలి దగ్గర గోతం నిండా టెంకలు. అంటు కట్టే నర్సరీ వాళ్లు వచ్చి పట్టుకెళతారట. గోతం మూతి తాడుతో కట్టేసి ఉంది. ఆ తాడు వంక చాలాసేపు చూశాను. మా పెరట్లో అలాంటిది ఒకటి ఉండి ఉంటే!

ఊళ్లోకి తిరిగొచ్చి ఓ పశువుల డాక్టర్ని కలిశాను. ఆయన చేతికి వచ్చేవి ఎక్కువగా గేదెలు, గొర్రెలు. అయినా కుక్క మాట ఎత్తగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. మామిడి గుజ్జులో కుక్కకి విషమయ్యేది ఏమీ లేదన్నారు. వంద గ్రాముల్లో పద్నాలుగు గ్రాముల దాకా చక్కెర ఉంటుంది కాబట్టి నాలుగు ముక్కలతో ఆపాలి, షుగరున్న కుక్కకి అసలు పెట్టకూడదు. తొక్క అరగదు, తొడిమ దగ్గర సొన మూతికి తగిలితే మంట. అసలు ప్రమాదం టెంకే. పేగులో అడ్డం పడితే నీళ్లు కూడా కిందికి దిగవు. పైగా ఎక్స్‌రేలో ఎముకలా తెల్లగా కనిపించదు, చాలాసార్లు స్కానింగ్ చేస్తేగాని తెలీదు. తిన్నది కక్కడం, ముక్కినా దొడ్డికి రాకపోవడం, మూల నక్కి పడుకోవడం చూస్తే ఆ పూటే తీసుకురావాలి. రాజు ఆ రెండు రోజులూ మంచం కిందే పడుకుంది.

ఆవకాయ ముక్క మరీ చెడ్డదట. టెంక ఉంటుంది, దానికి తోడు ఉప్పు, కారం, వెల్లుల్లి. వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాలని దెబ్బతీస్తుంది. మన వైపు ఆవకాయ కలిపిన అన్నం మిగిలితే పడేది కుక్క ముందే కదా.

లేవబోతుంటే ఆయన ఇంకో మాట చెప్పారు. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల మూత్రపిండాలు ఎందుకు పాడవుతాయో చాలా ఏళ్లు అంతుపట్టలేదు. 2021లో అమెరికాలో జంతువుల విష చికిత్సా కేంద్రం డాక్టర్లు వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చన్నారు. పిల్లలు ఆడుకునే పిండిముద్దలో కలిపిన టార్టార్ పొడి తిన్న కుక్కలోనూ అవే లక్షణాలు కనిపించడంతో దారి దొరికింది. ఆ ఆమ్లం దండిగా ఉండేది మన చింతపండులో.

చింతపండు! మామిడిని తిట్టుకుంటూ, రాజుకి పులిహోర పెట్టిన పండగలు గుర్తొచ్చాయి. ద్రాక్షపండు ఒక్కటి తిన్నా తేలిగ్గా తీసుకోకూడదు, ఏ కుక్కకి ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేమన్నారు డాక్టరు.

సాయంత్రం మళ్లీ పందిరి దగ్గరికి వెళ్లి అరడజను బంగినపల్లి కొన్నాను. ముసలమ్మ ఒకటి కోసి రెండు చెక్కలూ టెంకా నాకిచ్చింది. తొక్క ఒలిచి ఓ ముక్క కుక్కకి వేశాను. టెంక ఎక్కడ వెయ్యాలో తోచక చేతిలోనే పట్టుకుంటే, ఆమె గోతం తాడు విప్పింది.