'వలె' పోయిన చోట

ముప్పయ్యేళ్ళు పిల్లలకు అలంకారాలు బోధించాను. ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేనట్లు చెబితే రూపకం. ఉదాహరణ, సంసార సాగరం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ రూపకమే ఒకనాడు నాకూ నా ప్రాణమిత్రునికీ నడుమ అడ్డుగోడ అవుతుందని ఊహించలేదు.

2013 జూలై 30న తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెసు కార్యవర్గం తీర్మానించింది. మా కోస్తాలో ఏ ఉపన్యాసం విన్నా, ఏ వార్త చూసినా తెలుగుతల్లిని నిలువునా చీలుస్తున్నారన్న మాటే. అవతల అదే సంగతి అన్నదమ్ముల వేరు కాపురం. పండిత శిక్షణలో నా సహాధ్యాయి, వరంగల్లువాడు, ఒక రాత్రి ఫోను చేశాడు.

"అన్నదమ్ములు వేరుపడితే తల్లి చస్తదా?" అన్నాడు.

"తల్లిని కోసి పంచుకుంటారా?" అన్నాను.

ఫోను పెట్టేశాడు. ఏడాది మాటల్లేవు.

తరువాత నెమ్మదిగా ఆలోచించాను. రాష్ట్రం తల్లి అయితే విభజన హత్య, కోరినవాడు హంతకుడు. ప్రాంతాలు అన్నదమ్ములైతే విభజన న్యాయమైన పంపకం, అడ్డుపడినవాడు తమ్ముని వాటా మింగే అన్న. రెండింటిలోనూ తీర్పు ముందే ఉంది. ఇక వాదనతో పనిలేదు. కృష్ణా జలాలు, ఉద్యోగాలు, హైదరాబాదు ఆదాయం, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, కొత్త రాష్ట్రాలకు దారిచూపే రాజ్యాంగం మూడవ అధికరణం: వీటికి లెక్కలూ పత్రాలూ కావాలి. మేమిద్దరం వాటిలో ఒక్కదాని పేరైనా ఎత్తలేదు.

ఉపమలో 'వలె' ఉంటుంది. రాష్ట్రం తల్లి వలె అన్నప్పుడు, ఏ విషయంలో, ఎంతవరకు అని అడిగేందుకు సందు మిగులుతుంది. రూపకం ఆ సందును పూడ్చివేస్తుంది. కావ్యంలో అదే దాని అందం. పత్రికలో అదే దాని ప్రమాదం. మొదటి సగమే పిల్లలకు చెప్పాను. రెండవ సగం నాకే తెలియదు.

2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి. కొన్నాళ్ళకు మిత్రునికి కార్డు రాశాను: "రాష్ట్రం తల్లి కాదు, తల్లి వలె. అది కూడా కొంతవరకే." వారానికి ఫోను మోగింది.

"ఏం పంతులూ, ఆఖరుకు ఉపమకు దిగొచ్చినవా?" అన్నాడు. "నేనూ దిగిన. అన్నదమ్ముల వలెనే."

కృష్ణా జలాల పంపకాన్ని 2023 అక్టోబరులో కేంద్రం మళ్ళీ ట్రిబ్యునలుకు అప్పగించింది. అక్కడ తల్లీ లేదు, అన్నదమ్ములూ లేరు, టీఎంసీలే ఉన్నాయి. ఇప్పుడు పత్రికలో 'ఎన్నికల సమరం' అని కనబడితే, పెన్సిలుతో పక్కన 'వలె' అని రాసుకొని మిగతాది చదువుతున్నాను.