కొండ లోయలో ఆరాధన, కళ్లములో క్రిస్మసు

ఇంగ్లండు దేశపు మధ్యభాగములో డెర్బీషైర్ అనే కొండ జిల్లా ఉన్నది. అందులో ఒక చిన్న గ్రామము ఈయమ్. వ్రాత అలా ఉన్నా, అక్కడివారు "ఈమ్" అనే పలుకుతారు. 2023 జూలైలో అక్కడి ఒక సంఘము వారి ఆహ్వానము మీద నేను ఆ దేశము వెళ్ళినప్పుడు ఒక రోజు తీరిక దొరికింది. షెఫీల్డు పట్టణములో బస్సు ఎక్కాను. సుమారు ఇరవై కిలోమీటర్ల దారి. గడ్డి కొండలు, సున్నము లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి వెనుక గొర్రెలు. గొప్ప కట్టడముల కోసము ఎవరూ ఈ ఊరు రారు. 1665, 1666 సంవత్సరములలో ప్లేగు తెగులు వచ్చినప్పుడు ఇక్కడి సంఘము ఆరాధన ఎలా జరుపుకున్నదో ఆ స్థలములు కన్నులారా చూడాలని వెళ్ళాను. 2020లో, 2021లో మనమందరము అదే ప్రశ్నతో ఎన్ని రాత్రులు మేలుకొని ఉన్నామో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఊరి నడుమ సెయింట్ లారెన్స్ దేవాలయము ఉన్నది. ఆవరణలో వెయ్యి సంవత్సరములకు పైబడిన రాతి సిలువ, దాని దగ్గరలో ఒక సమాధి. ఆ సమాధి సంగతి తరువాత చెబుతాను. దేవాలయము ప్రక్కనే వరుసగా కొన్ని రాతి ఇండ్లు. వాటి ముందు ఆకుపచ్చ రంగు పలకలు పెట్టి, ఆ ఇంటిలో తెగులుతో చనిపోయిన వారి పేర్లు వ్రాశారు. ఆ ఇండ్లలో ఇప్పటికీ మనుష్యులు కాపురమున్నారు, కిటికీలలో పూలకుండీలు ఉన్నాయి.

1665లో ఈ ఇండ్లలో ఒక దానికి లండను నుండి బట్టల మూట వచ్చిందనీ, తడిసిన బట్టలు ఆరబెట్టిన దర్జీ పనివాడు జార్జి వికర్స్ సెప్టెంబరు 7న చనిపోయాడనీ చెబుతారు. ఆ సంవత్సరము ముగిసేలోపు నలభై మందికి పైగా పోయారు. చలి ముదిరేకొద్దీ తెగులు తగ్గుముఖము పట్టింది. వసంతకాలము వచ్చేసరికి జనము ఊపిరి పీల్చుకున్నారు. కాని 1666 జూనులో ఎండ వేడితోపాటు తెగులు మళ్ళీ లేచింది. 2020 శీతకాలమునకు రోగము వెళ్ళిపోయిందనుకొని, 2021 ఏప్రిల్‌లో మనము చూచినది జ్ఞాపకము చేసుకుంటే ఆ ఊరివారి గుండె ఎలా జారిపోయి ఉంటుందో మనకు తెలుస్తుంది.

అప్పటి గురువు విలియమ్ మాంపెసన్. వయస్సు ఇరవై ఎనిమిది. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు. ఊరివారి అభిమానమంతా మునుపటి బోధకుడు థామస్ స్టాన్లీ మీద ఉండేది. రాజ్యము పెట్టిన ఆరాధన క్రమమునకు ఒప్పుకోనందున 1662లో స్టాన్లీ పదవి పోయింది. ఒకరి స్థానములో మరొకరు. సిద్ధాంతములో ఇద్దరికీ పొత్తు లేదు. ఐనా ఆ జూనులో ఇద్దరూ కలిసి ప్రజల ముందు నిలిచి మూడు సంగతులు చెప్పారు. చనిపోయినవారిని వారి ఇంటివారే తమ తోటలోనో చేలోనో పాతిపెట్టుకోవాలి. దేవాలయము తలుపులు మూసి ఆరాధన ఆరుబయట జరపాలి. ఊరివారు ఎల్ల దాటి పోకూడదు, బయటివారు లోపలికి రాకూడదు.

మా గ్రామములో కూడా రెండు సంఘములు ఉన్నాయి. గోదావరి కాలువ గట్టు మీద మా మందిరము, నాలుగు ఇండ్ల అవతల రేకుల షెడ్డులో మరొక సంఘము. పండుగనాడు కూడా మైకులతో పోటీపడిన రోజులు ఉన్నాయి. దాని గూర్చి ఎక్కువ వ్రాయను, మీ ఊళ్ళలో కూడా ఉన్న సంగతే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, మట్టలాదివారము, శుభశుక్రవారము, పునరుత్థాన పండుగ మూడూ మూసిన తలుపుల మధ్యనే గడిచాయి. జూన్ 8 నుండి ఆరాధనా స్థలములు తెరవవచ్చునని కేంద్ర ప్రభుత్వము నియమములు ఇచ్చినప్పుడు ఆ సంఘపు పాస్టరుగారు మా గుమ్మము దగ్గరకు వచ్చి దూరముగా నిలబడ్డారు.

"అయ్యగారూ, మా షెడ్డుకు రెండే కిటికీలు. లోపల కూర్చోబెట్టాలంటే నాకు భయముగా ఉన్నది. మీ మందిరము వెనుక వేపచెట్టు నీడలో మాకు ఒక గంట ఇవ్వగలరా?"

"గంటేమిటండీ, ఆరు గంటలకు మేము, ఏడున్నరకు మీరు" అన్నాను.

ఈయమ్ దేవాలయము నుండి పది నిమిషములు నడిస్తే ఆ ఆరుబయటి స్థలము వస్తుంది. పేరు కక్లెట్ డెల్ఫ్. రెండు వైపులా ఏటవాలుగా దిగే పచ్చిక లోయ. ఒక ప్రక్క సున్నపురాయి బండ, దానిలో ప్రకృతి సిద్ధముగా ఏర్పడిన కమానులు. మాంపెసన్ ఆ కమాను క్రింద నిలబడి ప్రసంగించేవాడనీ, కుటుంబములు ఒకదానికొకటి ఎడముగా పచ్చిక మీద నిలబడేవనీ ఊరివారి వాడుక. నేను ఆ ఏటవాలున నిలబడి చూచాను. వెనుకనున్నవారికి కూడా బోధకుడు కనబడతాడు, మాట వినబడుతుంది, ఎవరి ఊపిరి ఎవరికీ తగలదు. దూరము పాటించడానికి ఇంతకంటె మంచి స్థలము ఆ ఊరిలో మరొకటి నాకు కనబడలేదు. సూక్ష్మజీవులను గూర్చి వారికి ఏమీ తెలియదు. ప్లేగు ఎలుకల మీది ఈగుల వలన వస్తుందని తెలిసినది రెండు శతాబ్దముల తరువాత. అయితే 2016లో ఇద్దరు పరిశోధకులు ఈయమ్ మరణముల పట్టీని లెక్క కట్టి, నాలుగింట మూడు వంతులు మనిషి నుండి మనిషికే సోకినట్లు తేల్చారు. కనుక ఆ ఎడము వట్టిది కాదు. ఊరు కట్టుకొని లోపలే ఉండుట వలన లోపలివారే ఎక్కువమంది చనిపోయారా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ తెగులులో చనిపోయినవారు సుమారు 260 మంది.

మన తెగులు ఎలుకలది కాదు, గాలిది. మూసిన గదిలో ఒకరు వదలిన ఊపిరి మరొకరు పీల్చుట వలన వచ్చేది. అందులోను పాట మరీ ప్రమాదము. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో ఒక దేవాలయపు హాలులో 61 మంది గాయకులు రెండున్నర గంటలు పాటలు అభ్యాసము చేశారు. వారిలో 53 మందికి రోగము వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ప్రభుత్వ నియమములలో గాయకబృందము వద్దని వ్రాసినప్పుడు మన యౌవనస్థులు నొచ్చుకున్నారు గాని, దాని వెనుక ఉన్న సంగతి ఇది. కీర్తన లేని ఆరాధన మనకు ఉప్పులేని కూర. అందుచేత వేపచెట్టు క్రింద ఒక్కరే పాడటము, మిగిలినవారు మాస్కు లోపలనే పెదవులు కదపటము మొదలుపెట్టాము. డోలు మాత్రము ఆపలేదు. డోలుకు దగ్గు లేదు గదా!

వేసవిలో చెట్టు చాలింది. ఎనిమిది దాటితే ఎండ నిలువనివ్వదు కనుక ప్రసంగము పదిహేను నిమిషములే. దీనికి సంఘములో ఎవరూ విచారించినట్లు కనబడలేదు. చిక్కంతా వర్షాకాలములో వచ్చింది. జూలైలో జల్లు మొదలుకాగానే పెద్దలు టార్పాలిన్ తెచ్చి పైన కట్టారు. బాగున్నది. తరువాత జల్లు ప్రక్కల నుండి కొడుతున్నదని నాలుగు వైపులా దించబోయారు. దించితే అది చెట్టు నీడ కాదు, మూసిన గదే. "తడిస్తే తడుస్తాము, ప్రక్కలు కట్టవద్దు" అని ఒక అమ్మ గట్టిగా అన్నది. ఆమె నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. పెద్ద వాన రోజున మందిరములోనే, అన్ని తలుపులు, కిటికీలు బార్లా తెరచి, ముప్పయి మంది చొప్పున రెండు ఆరాధనలు జరిపాము. జల్లు పడే ప్రక్క చాపలు తీసివేశాము.

అరవై అయిదు దాటినవారు, పదేండ్లలోపు పిల్లలు ఇంటిలోనే ఉండాలన్న సలహా అందరికంటె పెద్దలకు కష్టమైంది. ఆదివారము మొదటి గంట కొట్టకముందే వచ్చి కూర్చునేది వారే. శనివారము సాయంత్రము నేను వారి వీధులలో నడిచి, అరుగు మీద వారు, వీధిలో నేను ఉండి, రేపటి వాక్యభాగము చదివేవాడను.

శీతకాలములో మా ప్రాంతమున తెల్లవారుజామున మంచు దట్టముగా ఉంటుంది. ఆరు గంటల ఆరాధన పదికి మార్చాము. క్రిస్మసు అర్ధరాత్రి ఆరాధన సంగతి వచ్చినప్పుడు సంఘములో పెద్ద మాటలే జరిగాయి. చలికి తలుపులు మూసి, రెండు వందల మంది ఒక్కచోట పాడే రాత్రి అది. చివరకు డిసెంబరు 25 ఉదయము పదిన్నరకు ఎండలో జరుపుకుందామని తీర్మానించాము. ఎక్కడ? వరి కోసిన చేలలో అప్పటికే మినుము మొలకలు లేచాయి, త్రొక్కడానికి లేదు. ఒక రైతుసోదరుడు తన కళ్లము ఊడ్చి ఇచ్చాడు. కుటుంబమునకు ఒక చాప, చాపకు చాపకు మధ్య రెండు గడ్డిమోపులు. ఆ ఎండలో ముసలివారు కూడా వచ్చి గడ్డివాము ప్రక్కన వేరుగా కూర్చున్నారు. ప్రభువు బల్లలో ఒకే పాత్రకు బదులు చిన్న చిన్న గిన్నెలు వాడాము.

ఈయమ్‌లో ప్రక్క ఊరు స్టోనీ మిడిల్టన్ వైపు పొలములలో ఒక ఎల్లరాయి ఉన్నది. దానిలో ఆరు గుంటలు. బయటి ఊళ్ళవారు తెచ్చిన ఆహారమునకు ఈయమ్‌వారు ఆ గుంటలలో వినెగరు పోసి, నాణెములు వేసి వెళ్ళేవారట. ఆ గుంటలలో వేలు పెట్టి చూచినప్పుడు నాకు మా కానుకల పెట్టె జ్ఞాపకము వచ్చింది. సంచి తిప్పటము మాని గుమ్మము దగ్గర పెట్టె ఉంచి, మూడు రోజుల తరువాత గాని లెక్కపెట్టేవారము కాము. నోట్ల వలన అంత భయము లేదని తరువాత తెలిసింది. సరే, ఆలస్యముగా లెక్కించినందున కానుక తగ్గలేదు.

ఊరి బయట రైలీ అనే చోట గుండ్రని రాతిగోడ లోపల ఒక కుటుంబపు సమాధులు ఉన్నాయి. 1666 ఆగస్టులో ఎనిమిది రోజులలో ఎలిజబెత్ హాన్‌కాక్ అనే తల్లి తన భర్తను, ఆరుగురు బిడ్డలను తానే పాతిపెట్టింది. నేను అక్కడ చాలాసేపు నిలబడలేకపోయాను. 2021 మేలో మా పాస్టరేట్‌లో తొమ్మిది భూస్థాపనలు జరిపాను. ఇరవై మందికి మించి రాకూడదు. మన ఊళ్ళలో భూస్థాపనకు ఊరంతా నడుస్తుంది. ఒక సాయంత్రము ఒక తల్లి కాలువ అవతలి గట్టున నిలబడి, ఇవతల గట్టున కుమారుని పెట్టె దించటము చూచింది. ఆమెకు కూడా రోగమే. ఆమెకు వినబడాలని నేను ప్రార్థన గట్టిగా చేశాను. గాలి ఎదురు వీస్తున్నది. ఎంతవరకు వినబడిందో నాకు తెలియదు.

దేవాలయ ఆవరణలోని సమాధి మాంపెసన్ భార్య కేథరిన్‌ది. బిడ్డలిద్దరినీ దూరము పంపి, తాను మాత్రము భర్త ప్రక్కనే నిలిచింది. ఆగస్టు 25న చనిపోయింది, వయస్సు ఇరవై ఏడు. తెగులు ఆ నవంబరులో ఆగింది. కొన్ని సంవత్సరములకు మాంపెసన్ ఈక్రింగ్ అనే ఊరికి గురువుగా వెళితే, ఆ ఊరివారు తెగులు భయముతో ఆయనను దేవాలయములోనికి రానివ్వలేదు. ఆయన ఊరి బయట గుడిసెలో ఉంటూ, పొలములో ఒక చెట్టు క్రింద ప్రసంగించేవాడు. ఆ చెట్టు ఉన్న స్థలములో ఇప్పుడు రాతి సిలువ ఉన్నది. అంత దూరము వెళ్ళే సమయము నాకు లేకపోయింది.

ఈ చివరి సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యము కలగలేదు. 2021 జూనులో మా సంఘ సోదరుడు ఒకరు ఆసుపత్రి నుండి బ్రదికి వచ్చారు. పదిహేను రోజులు గడిచాయి, డాక్టరుగారు భయము లేదన్నారు. అయినా ఆయన భార్యను బోరు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వలేదు. ఆయన వేపచెట్టు క్రిందికి వస్తే చాపలు ఎత్తుకొని లేచారు. ఆ తరువాతి బుధవారము ప్రార్థన కూటము ఆయన ఇంటి పెరటిలో పెట్టాను. మేము ఇద్దరమే, ఆయన భార్య, నర్సుగా పనిచేసిన ఆ అమ్మ. రెండవ వారము ఆరుగురు వచ్చారు. జూలైలో పెరడు చాలక, మళ్ళీ చెట్టు క్రిందికే మారాము.