పెండ్లిపూజకు ఒక పాతపాట

మా అక్కకు ఒక్కతే కూతురు. దాని పెండ్లికి బట్టలు, పందిరి, విందు, బ్యాండుమేళము అన్నియు నిశ్చయమైన పిదప, దివ్యపూజలో పాడవలసిన పాటల మాట కడపట వచ్చినది. మన విచారణలలో తరచుగా జరుగునది ఇదియే. పందిరికి చూపిన శ్రద్ధ పీఠము ఎదుటి పాటకు చూపము.

పిల్ల మాత్రము ముందే తలచుకొనియున్నది. ప్రవేశగీతము లతీనులో, పూర్వపు గ్రెగోరియను గానముగా ఉండవలెనని కోరినది. పెండ్లికొడుకు మేనమామగారు, "పెండ్లికి ఈ సాగదీత యేమిటండీ? శవపూజవలె ఉండదా?" అనిరి.

ఆ మాట త్రోసివేయదగినది కాదు. ఈ గానమునకు తాళము లేదు, వాద్యము అక్కరలేదు. మాట ఎట్లు నడచునో అట్లే అందరును ఒకే రాగమున పాడుదురు. 590 నుండి 604 వరకు పాపుగారుగా ఉండిన పునీత గ్రెగోరిగారి పేరు దీనికి వచ్చినది. రెండవ వాటికను మహాసభ 1963లో దేశభాషలకు తలుపు తెరచుచునే, రోమను పూజాచారములో దీనికి ప్రధానస్థానము ఉండవలెనని చెప్పినది.

అయితే మేనమామగారికి నేను చెప్పినది మహాసభ సంగతి కాదు, ఆ పాట పుట్టిన కథ. దాని మాటలు తోబీతు గ్రంథములోనివి. రగూవేలు కూతురు సారాను పెండ్లాడిన ఏడుగురును పెండ్లిరాత్రియే చనిపోయిరి. ఎనిమిదవవాడు తోబియా. అతడును ఏకపుత్రుడు, ఆమెయు ఏకపుత్రిక. వారి చేతులు కలిపి దీవించిన ఆ తండ్రియే, తెల్లవారకముందే అల్లునికి గొయ్యి త్రవ్వించెను! గదిలోనికి పోయి చూచిన దాసి, ఇద్దరును క్షేమముగా నిద్రించుచున్నారని వచ్చి చెప్పినది. పెండ్లినాటి దీవెనను, అప్పుడు ఆ తలిదండ్రులు చెప్పిన కృతజ్ఞతను కలిపి కూర్చినదే ఈ గీతము. ఆ వెంటనే గొయ్యి పూడ్పించిరి. పెండ్లియింటి నవ్వుల వెనుక ఎంత భయముండునో, ఆడపిల్లను పంపు తల్లికి తెలియును. సినిమా వరుసలో కట్టిన పాటకు ఆ భయము తెలియదు.

మేనమామగారు కొంతసేపు ఊరకుండి, "మావాడును ఒక్కడే గదా" అనిరి.

ఎనుబది ఏండ్లు దాటిన మా పాత ఉపదేశిగారు చిన్ననాట గురువిద్యాలయములో లతీను పాడినవారు. నలుగురు పిల్లలకు మూడు వారములు నేర్పిరి. తెలుగు నోటికి లతీను కష్టము కాదు, మనవలెనే వారును అచ్చులన్నియు పలుకుదురు. తక్కిన పాటలన్నియు తెలుగులోనే ఉంచితిమి, ఊరంతయు గొంతు కలుపవలెను గదా. లతీను గీతమునకు ముందు దాని భావము తెలుగులో చెప్పవలెనని నేను పట్టుపట్టితిని.

బ్యాండువారు గుడి బయట వేపచెట్టు క్రింద కాచుకొనియుండిరి. తమ వంతు వచ్చునంతవరకు వాద్యములు ఒడిలో పెట్టుకొని వారును వినిరి.