పోచంపల్లి మగ్గాల మధ్య

హైదరాబాదు నుండి విజయవాడ రహదారిపై కొంతదూరం పోయి ఎడమకు తిరిగితే భూదాన్ పోచంపల్లి వస్తుంది. నగరానికి ఇది సుమారు 50 కిలోమీటర్లు. 1951 ఏప్రిల్ 18న ఇక్కడి దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాల భూమి కావాలని వినోబా భావేను కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు దానమిచ్చారు. ఊరి పేరు ముందు 'భూదాన్' చేరింది అందువల్లనే. మేము వెళ్ళింది మగ్గాలు చూడడానికి. యంత్రమూ, కంప్యూటరూ వచ్చిన తరువాత చేతిపనివారి ఇంట్లో ఏమి మారిందో తెలుసుకోవాలనుకున్నాము.

మామూలు చీరలో బట్ట నేసిన తరువాత అద్దకం వేయవచ్చు. పోచంపల్లి పద్ధతి వేరు. ఇక్కడ నూలుకే ముందుగా రంగు వేస్తారు. రంగు అంటకూడని చోట దారాలను రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టాలి, విప్పాలి, ముంచాలి. దీనినే చిటికి పని అంటారు. ఆ దారం మగ్గం మీద వరుసగా పడుతుంటే పువ్వో, చిలుకో, ఏనుగో దానంతటదే తేలుతుంది. ఒక్క పేక దారం పక్కకు జరిగినా పువ్వు చెదురుతుంది.

కట్టడానికి ముందు మరొక పని ఉంది. ఒక కొయ్యమేకు నుండి ఎదుట అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల వరకు దారాన్ని అటూ ఇటూ తిప్పి చుట్టాలి. ఇదే ఆసు పోయడం. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు తిరగాలి. అయిదారు గంటల పని. తరతరాలుగా దీనిని చేసింది స్త్రీలే.

మేము కూర్చున్న ఇంట్లోని పెద్దావిడను ఆ రోజుల సంగతి అడిగాము. "రెండు చీరలకే పొద్దుగూకేది బిడ్డా. రాత్రి జడేసుకుందామంటే చెయ్యి లేవకపోయేది" అన్నది.

ఈ నొప్పినే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాలలో చూశాడు. చిన్నతనంలోనే బడి మానిన ఆయన 1992లో మొదలుపెట్టి, అప్పులూ ఎగతాళీ భరించి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. తరువాత అందులో దారాల లెక్క చూసుకునే చిన్న ఎలక్ట్రానిక్ చిప్పును అమర్చాడు. అయిదారు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఆ ఇంటి కోడలు యంత్రం నడుపుతూనే మాతో మాట్లాడింది. తమ చీరలకే కాక పొరుగువారికి కూడా కూలికి ఆసు పోసిపెడుతున్నదట. అయితే ఇందులో ఇంకొక కోణం లేకపోలేదు. చేతితో ఆసు పోసి కూలి సంపాదించుకునే ఒంటరి స్త్రీకి యంత్రం కొనే స్తోమత లేకపోతే, ఆమె పని పొరుగింటికి పోతుంది. కొందరికి ప్రభుత్వ రాయితీతో యంత్రాలు అందాయి. ఎవరికి ముందు అందాలన్నది ఆలోచించవలసిన మాట.

ఇక డిజైను సంగతి. పూర్వం గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి, గడికి ఇన్ని దారాలని లెక్క కట్టేవారు. రంగు మార్చాలంటే మళ్ళీ మొదటి నుండి గీయాలి. కంప్యూటరులో అదే గడుల మీద పది రంగులు మార్చి చూసుకోవచ్చు. నచ్చిన తరువాతనే నూలు ముట్టుకుంటారు. రంగూ, నూలూ, కాలమూ కలిసివస్తాయి. మగ్గం మీదున్న కొడుకు మాత్రం నవ్వి, "కంప్యూటర్ లెక్క చెప్తది సార్. దారం ఎంత బిగువుగ కట్టాల్నో చెయ్యే చెప్తది" అన్నాడు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది. ఆ సంగతి తెర మీద కనబడదు.

ఇది ఇంకా చేనేతేనా అని కొందరు అడుగుతారు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం మరమగ్గం కాని మగ్గమంతా చేనేత మగ్గమే. ఆసు యంత్రం నూలును సిద్ధం చేస్తుంది. నేసేది మనిషి చేయీ కాలూనే.

అసలు ముప్పు మరొక వైపు ఉంది. ఇవే కొత్త సాధనాలతో పోచంపల్లి డిజైనును నకలు తీసి మామూలు బట్ట మీద అచ్చు వేస్తున్నారు. చూపుకు ఒకలాగే ఉంటుంది, ధర చాలా తక్కువ. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్నా, కొనేవారికి తేడా తెలియకపోతే చట్టం ఒక్కటే కాపాడలేదు. కనుక పాఠకులు ఒక గుర్తు మనసులో పెట్టుకోవాలి. బట్టను తిరగేసి చూడండి. చిటికి బట్టలో నూలుకే రంగు ఉంటుంది గనుక రెండు వైపులా డిజైను ఒకేలా కనబడుతుంది. అచ్చు వేసిన బట్టకు సాధారణంగా వెనుకవైపు వెలవెలబోతుంది. అంచులూ చూడండి. చిటికి పువ్వు అంచు గీత గీసినట్టుండదు, కాస్త అల్లుకున్నట్టుంటుంది.

సాధనం ఒకటే. ఒక చేతిలో అది తల్లి భుజం నొప్పి తీరుస్తుంది, మరొక చేతిలో అదే తల్లి అన్నం తీసివేస్తుంది. పెళ్ళికో పండుగకో చీర కొనేటప్పుడు ఒక్క నిమిషం ఆగి వెనుకవైపు తిప్పి చూస్తే, మనము ఏ చేతికి బలమిస్తున్నామో మనకే తెలుస్తుంది.