నాలుగో సైడు దాకా

జూన్ 2, ఆదివారం

బావతో మళ్ళీ అదే గొడవ. యెస్ బృందం 1973లో తెచ్చిన 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. రెండు రికార్డులు, నాలుగు సైడ్లు, నాలుగే పాటలు. "సాగదీత" అన్నాడు. పూర్తిగా విన్నావా అంటే రెండో సైడు దాకానట.

జూన్ 5

ఈ ఆల్బమ్ పుట్టింది ఒక పుస్తకంలో పేజీ అడుగున ఉన్న చిన్న వివరణలోంచి. పరమహంస యోగానంద ఆత్మకథ. గాయకుడు జాన్ ఆండర్సన్ టోక్యోలో ఉన్నప్పుడు చదివాడు. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. సైడుకొకటి.

అమ్మ పూజగదిలో దాని తెలుగు ప్రతి ఉంది. ఆ నాలుగు మాటలూ వెతికి పట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక సైడు విన్నంతసేపు.

జూన్ 9, ఆదివారం

బావ ఈసారి సాక్షిని తెచ్చాడు. యెస్ కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్. మాంచెస్టర్ కచేరీలో, తను వాయించాల్సింది లేనిచోట, వేదిక మీదే కర్రీ తిన్నాడు. 1974లో బృందం వదిలేశాడు. నిజమే.

1977 ఆల్బమ్ నాటికి తిరిగి వచ్చాడు. అది బావ చెప్పడు.

జూన్ 10

రాగం తానం పల్లవి గంట సాగితే విస్తారం. వీళ్ళు ఇరవై నిమిషాలు వాయిస్తే సాగదీత. నాన్నతో అన్నాను. "ఏం వాయించారో వినాలి గానీ ఎంతసేపని కాదురా" అన్నాడు.

జూన్ 13

మెలోట్రాన్ అనే కీబోర్డు. ప్రతి మీట కిందా ఒక టేపు ముక్క. నొక్కి పట్టుకుంటే ఎనిమిది సెకన్లు మోగుతుంది. ఆపైన టేపు ఉండదు. వేలు ఎత్తాలి.

కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ (1969)లో అంత పెద్ద దిగులు వినబడేది ఈ పెట్టెలోంచే. ఆ అట్ట మీద అరుస్తున్న ముఖం గీసిన బారీ గాడ్‌బర్ మరుసటి ఏడే పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. ఆ రికార్డు పెడితే బావా నేనూ కాసేపు మాట్లాడుకోం.

జూన్ 16, ఆదివారం

పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పెట్టాం. నాన్న మృదంగం మానేసి పదేళ్ళు. పేపరు చదువుతూనే తొడ మీద వేళ్ళు కదిలాయి. తకిట తకధిమి. "మిశ్రచాపు" అన్నాడు.

గిటార్ సోలో రాగానే చెయ్యి ఆగింది. "ఇదేంటి, నాలుగుకి వచ్చేశారు?"

"అవునా మావయ్యా!" అన్నాడు బావ. ఇన్నేళ్ళుగా వింటున్నాడు.

జూన్ 19

జెథ్రో టల్, 1972, 'థిక్ యాజ్ ఎ బ్రిక్'. అంతకుముందు వచ్చిన 'ఆక్వాలంగ్'ని అందరూ కాన్సెప్ట్ ఆల్బమ్ అన్నారు. బృంద నాయకుడు ఇయాన్ ఆండర్సన్ కాదన్నాడు. అయినా అన్నారు. అయితే ఇదిగో అని ఇది చేశాడు. సుమారు 44 నిమిషాలు ఒకే పాట. అట్టే 12 పేజీల ఊరి వార్తాపత్రిక. పాట రాసింది ఎనిమిదేళ్ళ కుర్రాడని కల్పన.

వెక్కిరింత అంటారు. వెక్కిరించడానికి ఇంత శ్రద్ధ ఎవరు పెడతారు?

జూన్ 22

'టేల్స్' రికార్డులు తుడిచి పెట్టాను. నాలుగు సైడ్లూ.

జూన్ 23, ఆదివారం

ఫోన్లు వంటింట్లో పెట్టించాను. 80 నిమిషాలు దాటింది.

మూడో సైడు ముందు భాగం కష్టమే. మోత. బావ రెండుసార్లు నావైపు చూశాడు. నేను చూడలేదు. చివర్లో అంతా సద్దుమణిగి, స్టీవ్ హౌ గిటారు ఒక్కటే మిగిలింది. బావ కాళ్ళు మడుచుకుని ముందుకు జరిగాడు. ఈ చోటికి తను ఎప్పుడూ రాలేదు. రెండో సైడు దగ్గరే ఆపేసేవాడు.

నాలుగోది అయ్యాక ముల్లు పైకెత్తాడు.

"రెండోది మాత్రం సాగదీతే."

నాకు అన్నిటికన్నా ఇష్టం రెండోదే.

వచ్చే ఆదివారం రెండో సైడు.